బేచిరాక్

చచ్చినవాళ్ళంటే భీమరావుకు కొంచెం మర్యాద ఉండేది. బతికున్నవాళ్ళంటే బొత్తిగా లేదు.

రిటైరైనప్పటి నుంచీ పొద్దున కాఫీ కాగానే హాల్లో చాప వేసుకొని, వారం రోజుల పేపర్లు ముందేసుకొని, శ్రద్ధాంజలి ప్రకటనలు కత్తిరించేవాడు. ఆదోనిలో పత్తి వ్యాపారి పోయినా, నూనె మిల్లు ముసలాయన పోయినా జిల్లా పేజీలో ఫోటో పడాల్సిందే. ఫోటో కింద కొడుకులు, కోడళ్ళు, మనవలు, ఆ కింద మిల్లు పేరు. ఒక్కోదాన్నీ అంచుల వెంబడి నిదానంగా కత్తిరించి, వెనక పెన్సిలుతో తేదీ రాసి, ముక్కుతో నవ్వి ఫైల్లో పెట్టేవాడు.

"చూడు రమా, పెండ్లాలు ఇద్దరు. ఒకామె పేరే వేసినారు," అనేవాడు భార్యతో. "రెండో ఆమె పిల్లలు 'తదితరులు' అయిపోయినారు."

రమాబాయి వంటింట్లోంచే "ఊఁ" అనేది.

ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళల్లో సోషల్ చెప్పిన భీమరావు ఇప్పుడు వంశవృక్షాలు రాసేవాడు. సమాధి రాళ్ళు, పాత జనాభా లెక్కల పుస్తకాలు, రిజిస్ట్రారాఫీసు నకళ్ళు, ఈ చావు ప్రకటనలు, అన్నీ కలిపి కలిగినవాళ్ళకు తాతముత్తాతలను తయారుచేసి ఇచ్చేవాడు. దొరికినంతవరకు నిజమే రాసేవాడు. దొరకనిచోట ఖాళీ వదలడం ఆయనకు చేతకాదు. ఆ వారం చేతిలో ఉన్నది జయరాం అనే పత్తి వ్యాపారి వంశం. జయరాం తాత నెత్తిన గంప పెట్టుకొని సంతల్లో ఉల్లిగడ్డలు అమ్మినవాడని ఆదోనంతా తెలుసు. మనవడికి మాత్రం విజయనగరం దండనాయకుడు మూలపురుషుడిగా కావాలి. పాత దస్తావేజుల్లోంచి కోసి దాచుకున్న ఖాళీ కాగితాల మీద, మసి సిరాతో, భీమరావు దండనాయకుణ్ణి పుట్టించేశాడు. పుట్టిస్తున్నంతసేపూ జయరాంను లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆయనకు తన పద్నాలుగు తరాలు నోటికొచ్చు. మూడో తరం దగ్గరే నోరు వెళ్ళబెట్టేవాళ్ళను చూస్తే జాలి కాదు, రోత పుట్టేది.

ఆ మంగళవారం గేటు చప్పుడైతే తలెత్తి చూశాడు. ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామెకు అరవై దాటి ఉంటాయి, ఎండకు కాగి కట్టెలా ఉంది. రెండో ఆమె ముప్పై అయిదేళ్ళది, చేతిలో ప్లాస్టిక్ కవరు.

"భీమరావు సారు ఇల్లు ఇదేనా?" అంది చిన్నామె.

"నేనే. ఏం కావాల?"

"మాది కారుగుంద సార్. నా పేరు నాగవేణి, ఎమ్మిగనూర్లో అంగన్‌వాడీ ఆయాను. ఈమె మాయమ్మ, భీమమ్మ. తాతముత్తాతల లెక్కలు మీరు బయటికి తీస్తారంట కదా."

కారుగుంద పేరు వినగానే భీమరావు, "ఉద్యోగం కొత్తల్లో ఆ ఊరి బడిలో రెండేళ్ళు చేసినా. నీళ్ళు ఉప్పగా ఉంటాయి," అన్నాడు. ఆ ఊరి గురించి ఆయనకు గుర్తున్నది అంతే. రమ్మనలేదు, పొమ్మనలేదు. వాళ్ళు వరండా మెట్టు మీదే కూర్చున్నారు. రమాబాయి పేపరు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చి కింద పెట్టి, తాగినాక గేటు బయట వేయమంది. భీమమ్మ నీళ్ళు తాగి, గ్లాసు నలిపి, తన సంచిలోనే వేసుకుంది.

నాగవేణి విషయం చెప్పింది. కారుగుందకు మూడు మైళ్ళ అవతల బూదిదొడ్డి అని ఇరవై ఇండ్ల ఊరు ఉండేది. పేరుకు వేరే రెవెన్యూ గ్రామం. తొంభై ఆరులో కారుగుంద పక్కన కాలనీ ఇస్తే అందరూ వచ్చేశారు. ఇండ్లు కూలిపోయాయి. సమాధులు మాత్రం అక్కడి దిన్నె మీదే ఉన్నాయి.

"ఇప్పుడుగూడ ఎవురన్నా పోతే ఆడికే ఎత్తుకపోతాము సార్. ఆ దిన్నెనే సోలారు కంపెనీకి ఇస్తాండారు. మేము అర్జీ పెట్టుకుంటే ఈ కాయితం ఇచ్చినారు."

భీమరావు కళ్ళద్దాలు సవరించుకొని చదివాడు. "బూదిదొడ్డి 1991 జనగణన నాటికే బేచిరాక్ గ్రామము. నివాసము లేని చోట శ్మశానము ఉన్నదనుటకు ఆధారము లేదు. ఉన్నచో పదిహేను దినములలో సమర్పించవలెను."

"బేచిరాక్ అంటే ఏం సార్?"

"చిరాగ్ అంటే దీపం. దీపం పెట్టే దిక్కు లేని ఊరని అర్థం. రెవెన్యూ వాళ్ళ మాట." కాగితం మడిచి ఇచ్చేశాడు. "మీవాళ్ళతో ఇదే తంటా. తాత పేరడిగితే నోరు పెగలదు. ఏం ఆధారం చూపిస్తారు?"

అంతదాకా మాట్లాడని భీమమ్మ అప్పుడు అంది: "పేర్లు తెలుసు సారూ. యాడ ఎవురు పండుకొన్నారో అదీ తెలుసు."

"నోటి మాట ఆధారం కాదమ్మా. మీలో కిరస్తానం పుచ్చుకున్నవాళ్ళు ఉండారా?"

"మా అత్త సుంకమ్మ. ఆదివారం చర్చికి పోయేది. మంగళారం సుంకులమ్మ గుడికి పోయేది."

భీమరావు నవ్వాడు. ఆ నవ్వులో ఇద్దరు దేవుళ్ళకూ వాటా ఉంది. "ఎమ్మిగనూరు చర్చిలో పూడ్చినవాళ్ళ రిజిస్టరు ఉంటుంది. గురువారం నాకు ఆ పక్క పనుంది. పదింటికి బస్టాండులో ఉండండి."

ఒప్పుకున్నది వాళ్ళ మీద దయతో కాదు. ఆ రిజిస్టరు చూడాలని ఆయనకు చాలా ఏళ్ళుగా ఉంది.

గురువారం ఆదోని నుంచి బస్సులో ముందు సీట్లో కూర్చొని పోయాడు. దోవ పొడుగునా పత్తి చేలు ఎర్రబారి ఉన్నాయి. ఎమ్మిగనూరు బస్టాండులో తల్లీ కూతుళ్ళు అప్పటికే నిలబడి ఉన్నారు. వాళ్ళు వెనక వస్తున్నారో లేదో చూడకుండా చర్చి దాకా నడిచాడు.

చర్చి పెద్ద కృపానందం మగ్గాల సొసైటీలో పనిచేసి మానుకున్నాయన. డెబ్బై అయిదేళ్ళుంటాయి. బయట కొళాయి కింద చేతులు కడుక్కొని, తుడుచుకొని, బీరువా తెరిచాడు. మగ్గం తువ్వాల్లో చుట్టిన రిజిస్టరును బల్ల మీద పెట్టి, ముడి విప్పి, తువ్వాలను దాని కిందే పరిచాడు. అట్ట పోయి, చెదలు తిన్న అంచులకు పల్చటి కాగితం అతికించి ఉంది.

భీమరావు వేలికి ఉమ్మి తడి చేసుకొని పుట తిప్పబోయాడు.

"ఉమ్మి వద్దు సార్," అన్నాడు కృపానందం మెల్లగా.

ఒక ముసలి నేతగాడు తనకు పుస్తకం తిప్పడం నేర్పుతున్నాడని భీమరావుకు ఒళ్ళు మండింది. కానీ రిజిస్టరు వాళ్ళది. వేలు పంచెకు తుడుచుకున్నాడు.

పేరు, వయసు, ఊరు, రోగము, పూడ్చిన చోటు, సంతకం. గళ్ళు సూటిగా గీసి ఉన్నాయి. భీమరావు బడి గొంతుతో చదువుతుంటే నాగవేణి నోటుపుస్తకంలో రాసుకుంది. "1958. ఎల్లప్ప. వయసు నలభై. బూదిదొడ్డి. పాము కాటు. పూడ్చిన చోటు బూదిదొడ్డి దిన్నె." తరువాత 1963లో పేరు పెట్టని మగపిల్లవాడు. తరువాత 1966లో ఒకే నెలలో ముగ్గురు. "కలరా ఉంటుంది," అన్నాడు భీమరావు. "గంజి కేంద్రం మూసేసినారంట ఆ నెల. మా మామ సెప్పేవాడు," అంది భీమమ్మ. రోగము గడిలో "బలహీనత" అని ఉంది. ఆయన పుట తిప్పాడు.

తొమ్మిదో పేరు దగ్గరికి వచ్చాడు. "సుంకమ్మ, రూతమ్మ అని కూడా. వయసు అరవై. బూదిదొడ్డి. ఆయాసము. 1991 ఫిబ్రవరి పదిహేడు, ఆదివారం..."

వేలు ఆ తేదీ మీద ఆగింది.

"పూడ్చిన చోటు సార్?" అంది నాగవేణి పెన్ను ఎత్తి పట్టుకొని.

"దిన్నె," అన్నాడు. "అదే దిన్నె."

అది జనాభా లెక్కల కాలం, తాను కారుగుంద బడిలో చేస్తున్న రోజులు. బడికి సెలవని ఆదివారమే ఆ పని పెట్టుకున్నాడు. కారుగుందలో పెద్ద రైతు అరుగు మీద కూర్చొని, ఒళ్ళో అట్ట, అట్ట మీద ఫారాలు. స్టీలు లోటాలో కాఫీ. సాయంత్రం అయిదు బస్సుకు పోవాలి. ఊరి ముందు దోవలో డప్పు మోగింది. తలెత్తి చూస్తే పాడె మోసుకొని పది పదిహేను మంది పోతున్నారు. "ఎవరు పోయినట్టు?" అని తానే అడిగాడు. "దొడ్డోళ్ళు సామీ. ఆస్పత్రికి తీసుకపోతే దోవలో పోయిందంట, మళ్ళ ఎత్తుకపోతాండారు," అన్నాడు రైతు. "నువ్వు ఆడికి పోవద్దులే. మూడు మైళ్ళు ఎండ. అంతా సుగ్గికి, వలస కూలికి పోయినోళ్ళే, తాళాలు లెక్కపెట్టుకోవల్ల." పోయినా, ఆ ఇండ్లల్లో గడపగడపా తిరిగి, మడి మైల అయి, ఇల్లు చేరినాక నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. చలి ఇంకా పోలేదు. బూదిదొడ్డి ఫారం మీద అడ్డంగా గీత గీసి, గీత మీద "నివాసులు లేరు" అని రాసి, కాఫీ తాగేశాడు.

అంతే. మూడు నిమిషాల పని. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

కృపానందం తొమ్మిది పేర్లకూ నకలు రాసి, చర్చి ముద్ర వేసి, నాగవేణి చేతికిచ్చాడు. అక్కడి నుంచి ముగ్గురూ మండలాఫీసుకు పోయారు. భీమరావుకు పోవాలని లేదు. కానీ తల నొప్పి, బస్సు అని సాకులు చెబితే ఆ ముసలామె ముఖంలో ఏదైనా కనిపిస్తుందేమోనని భయపడ్డాడు.

ఆఫీసులో గుమాస్తా భీమరావు తెల్ల చొక్కా, నుదుటి నామం చూసి లేచి, "కూర్చోండి సార్," అని పక్క బల్ల దగ్గర కుర్చీ జరిపాడు. భీమరావు కూర్చున్నాడు. ఆడవాళ్ళు నిలబడ్డారు.

గుమాస్తా నకలును వేలి కొసలతో అటూ ఇటూ తిప్పాడు. "ఇది చర్చోళ్ళది. ప్రైవేటు రిజిస్టరు. గవర్నమెంటు లెక్కలో ఊరే లేదు గదమ్మా. ఊరు లేని కాడికి శవం యాడ్నుంచి వచ్చింది?"

"ఊరుండింది సార్. నేను ఆడే పుట్టినా," అంది నాగవేణి.

"ఉంటే లెక్కలో ఎందుకు లేదు? రాసినాయన అబద్ధం రాసినాడంటావా?"

"రాసినాడేమో సార్."

గుమాస్తా భీమరావు వైపు తిరిగి నవ్వాడు, ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నట్టు. "సూస్తిరా సార్ వీళ్ళ మాట. జనాభా లెక్కలు రాసేది టీచర్లు. సదువుకున్నోళ్ళు. వాళ్ళకేం అవసరం?" నకలును బల్ల అంచుకు తోశాడు. అది జారి కింద పడింది. భీమమ్మ వంగి తీసుకొని, దుమ్ము దులిపి, కొంగులో పెట్టుకుంది. వంగినప్పుడు, లేచినప్పుడు ఆమె భీమరావు వైపే చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

శుక్రవారమంతా పేపర్లు విప్పలేదు. రమాబాయి రెండుసార్లు అడిగితే చెప్పాడు. ఆమె పప్పు రుబ్బుతూ విని, "ఆ దొడ్డికి నువ్వు పోయుంటే మా అత్తగారు ఇంట్లోకి రానిచ్చేవారు కాదు," అంది. తప్పు తన తల్లిదే అయిపోయినట్టు ఆయనకు కాసేపు హాయిగా ఉండింది. తల్లి పోయి ఇరవై ఏళ్ళు. ఆమె ప్రకటన కూడా ఫైల్లో ఉంది.

మధ్యాహ్నానికి ఒక దారి దొరికింది. జనాభా లెక్కలు రాసే ఎన్యూమరేటర్లు ఇండ్ల జాబితా చిత్తుగా ఒకటి రాసుకొనేవాళ్ళు. అలాంటిది ఆయన దగ్గర ఉన్నట్టు చూపిస్తే? బూదిదొడ్డి, ఇరవై ఇండ్లు, ఇంత జనం, తేదీ 1991 ఫిబ్రవరి. పెద్ద ఫారంలో ఎక్కించేటప్పుడు ఎక్కడో ఎవరో పొరపాటు చేశారనుకుంటారు. కాగితం ఉంది, సిరా ఉంది, ఆనాటి తన దస్తూరీ తనకు తెలుసు. దండనాయకుణ్ణే పుట్టించినవాడికి ఇరవై ఇండ్లు ఒక లెక్కా? వాళ్ళ దిన్నె వాళ్ళకు దక్కుతుంది. తన మాటకు మచ్చ ఉండదు. పైగా వాళ్ళు జన్మంతా తన పేరు చెప్పుకుంటారు.

శనివారం ఎమ్మిగనూరులో ఆటో మాట్లాడుకొని కారుగుంద కాలనీకి పోయాడు. దొడ్డికి దోవ ఆటోకు పనికిరాదన్నారు. భీమమ్మ ముందు, నాగవేణి వెనక, మధ్యలో ఆయన. నల్లరేగడి ఎండి నెర్రెలిచ్చి ఉంది. మూడు మైళ్ళలో మూడుసార్లు నిలబడ్డాడు. నిలబడినప్పుడల్లా భీమమ్మ కూడా నిలబడింది, వెనక్కి తిరక్కుండా.

దొడ్డిలో మొండి గోడలు మోకాలెత్తు మిగిలి ఉన్నాయి. దిన్నె మీద తుమ్మ చెట్ల మధ్య రాళ్ళు, తల వైపు ఒకటి, కాళ్ళ వైపు ఒకటి. కొన్నిటికి సున్నం, రెండు సిమెంటు శిలువలు. అంచున సోలారు కంపెనీవాళ్ళు పాతిన ఎర్ర రంగు కర్రలు.

"ఈడ మా మామ. ఆయప్ప పక్కన ఆయప్ప నాయన బజారి. ఆ పక్కన బజారి అన్న గోవిందు, రైలు కట్ట పనికాడ సచ్చిపోతే నలుగురు మోసుకొచ్చినారంట," అంటూ భీమమ్మ ఒక్కో రాయి దగ్గరా ఆగింది. ఎవరి కూతుర్ని ఎవరికి ఇచ్చిందీ చెప్పింది; ఏ కాన్పులో పోయింది, ఏ కరువులో పోయింది. ఆమె ఎక్కడా తడుముకోలేదు. భీమరావు రాస్తూ పోయాడు. ఏడో తరం దగ్గర ఆయన పెన్ను కన్నా ఆమె నోరు ముందుంది.

ఆపి, చేతిసంచిలోంచి పాత కాగితాలు తీశాడు. "అమ్మా, ఇట్లా విను. ఇది అప్పటి కాగితం. దీనిమీద మీ ఇండ్లు, మీ జనం రాసి, తొంభై ఒకటి నాటి తేదీ వేస్తా. నా దగ్గర దొరికిందని ఇస్తా. ఎవరూ కాదనలేరు."

భీమమ్మ కాగితాన్ని చూసింది, ఆయన్ను చూసింది.

"అప్పుడు రాసింది నువ్వే కదా సారూ."

ఆయన కాగితాలు కిందికి దించాడు. "నీకు... ఎట్ల తెలుసు?"

"మా అత్తను ఎత్తుకపోతాంటే అరుగు మింద కూసోని లోటా ఎత్తి తాగుతాంటివి. తల మాత్రం ఎత్తి సూసినావు. నేను నిప్పు కుండ పట్టుకొని ముందర పోతాంటి. మూడు దినాలకు జనం లెక్క రాసేటోడు వచ్చిపోయినాడని తెలిసె. మా దొడ్డికి వస్తాడేమోనని సూసుకొంటాంటిమి." భీమమ్మ ఒక రాయి పక్కన కూర్చుంది. "ఆదోన్లో తాతల లెక్కలు రాసే సారు నువ్వేనని తెలిసే వచ్చినా. నువ్వే నోరు తెరిచి సెప్తావేమోనని మంగళారం నుంచి సూస్తాండా. ఆఫీసులో కుర్చీ ఏసినప్పుడన్నా సెప్తావనుకొంటి."

నాగవేణికి అది కొత్త. తల్లి ముఖం, సారు ముఖం మార్చి మార్చి చూసింది.

"అప్పటి కాలం వేరే అమ్మా," అన్నాడు భీమరావు. "నేను చిన్నవాణ్ణి. నా పింఛను... ఇప్పుడు ఈ వయసులో..."

భీమమ్మ వక్క నమలడం మొదలుపెట్టింది. ఆయన చెప్పేది అయిపోయేదాకా నమిలి, పక్కకు ఉమ్మింది.

"మాకు ఇంకో దొంగ లెక్క వద్దు. రాస్తే ఉండేది రాయి. లేదంటే లేయి, ఎండ ఎక్కుతాంది."

బతిమాలుతుందనుకున్నాడు. బతిమాలితే కాదనడం తేలికయ్యేది. ఆమె కొంగు దులుపుకొని నిజంగానే లేవబోయింది. తన బడిలో లెక్క చేతకాని పిల్లలను తాను ఎలా చూసేవాడో, ఆమె ఆయన్ను అలా చూస్తోంది. చేస్తే చేస్తాడు, లేకుంటే లేదు, పెద్ద ఆశ ఏమీ పెట్టుకోలేదు.

నాగవేణి తన నోటుపుస్తకంలోంచి ఒక తెల్ల కాగితం చింపి ఆయన ముందు పెట్టింది.

భీమరావు అట్ట మోకాలి మీద పెట్టుకొని రాశాడు. రాసినాక నాగవేణి పైకి చదివింది. "1991 ఫిబ్రవరిలో జనగణన విధి నిర్వహణలో ఉన్న నేను, బూదిదొడ్డి గ్రామమునకు వెళ్ళుటకు వీలుపడనందున, గ్రామస్థులు చెప్పిన మేరకు నివాసులు లేరని వ్రాసితిని..."

"ఆ మొదటిది ఏమంట?" అంది భీమమ్మ.

"ఈడికి వచ్చేకి కాలేదంటమా."

"కాలేదా, రాలేదా?"

భీమరావు కాగితం తీసుకొని, "వెళ్ళుటకు వీలుపడనందున" అన్న మాటలు కొట్టేసి, పైన "వెళ్ళకుండానే" అని రాశాడు. కొంచెంసేపు చూసి "గ్రామస్థులు చెప్పిన మేరకు" అన్నది కూడా తానే కొట్టేశాడు. ఆ దినం బూదిదొడ్డి శవాన్ని నా కళ్ళారా చూసితిని అని ఒక వాక్యం చేర్చాడు. సంతకం పెట్టి, ఆ రోజు తేదీ వేశాడు. భీమమ్మ తరువాతి రాయి దగ్గరికి పోయి నిలబడి, పేరు చెప్పింది. ఆయన పెన్ను తీశాడు.

సోమవారం మండలాఫీసులో గుమాస్తా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి చదివి భీమరావు ముఖం చూశాడు, రెండోసారి చదివి గొంతు తగ్గించాడు. "ఇదెందుకు సార్ మీకు? పెద్దమనిషి. రేపు పేపర్లోళ్ళకు తెలిస్తే ఫోటోతో వేస్తారు. నేను చూడలేదు, మీరియ్యలేదు. చింపేద్దామా?"

కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని అడిగాడు. చింపెయ్యమని భీమరావు గొంతు దాకా వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ తలుపు దగ్గర ఉన్నారు. ఆ మాట వాళ్ళకు వినిపించిందో లేదో తెలియదు.

"స్టాంపు వెయ్యి," అన్నాడు.

"సార్..."

"ముట్టినట్టు స్టాంపు వేసి, నకలు ఆ అమ్మాయి చేతికివ్వు."

గుమాస్తా ముఖంలో మర్యాద పోయింది. స్టాంపు కొట్టి, నకలు నాగవేణి వైపు విసిరినట్టు ఇచ్చి, లోపలికి పోయి అరగంటకు వచ్చాడు. స్థలం మీద విచారణ వచ్చే బుధవారమని, అంతదాకా కంపెనీవాళ్ళు దిన్నె మీద ఏమీ పాతకూడదని చెప్పారట. రాసినాయన కూడా అక్కడికి వచ్చి, అందరి ముందర వాంగ్మూలం ఇవ్వాలట. "ఊరి తరపున కారుగుంద పెద్ద రైతు కొడుకులుగూడ వస్తారు సార్. మీరేం చెప్తారో చెప్పుకోండి," అని భీమరావు వైపు చూడకుండానే అన్నాడు.

బయటికి వచ్చారు. కృతజ్ఞత కోసం కాదు గానీ, ఏదో ఒక మాట కోసం భీమరావు మెట్ల మీద నిలబడ్డాడు. నాగవేణి నకలును నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. భీమమ్మ కారుగుంద పోయే ఆటోను చెయ్యెత్తి ఆపింది.

"బుధవారం వస్తాలే అమ్మా," అన్నాడు భీమరావు.

ఆమె ఆటోలో ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగింది.

"రాకుంటే మేమే వస్తాములే సారూ," అంది. "దొడ్డంతా వస్తాము."